తాడు కట్టే ముందు ఒక్క మాట

మన సంఘం సమావేశాలలో భోజనాలయ్యాక నలుగురు పెద్దలు ఒకచోట కూర్చుంటే, కబుర్లు పిల్లల ఉద్యోగాల మీద నుంచి మెల్లగా కార్ల మీదకు మళ్ళడం ఈ మధ్య మామూలైపోయింది. అలాంటి ఒక సందర్భంలో ఒక పెద్దాయన వేసిన ప్రశ్న ఈసారి శీర్షికకు విషయమైంది. "అమెరికాలో మోటార్‌హోమ్ అని ఇల్లంత బండి ఉంటుందట. దాని వెనక మామూలు కారును కట్టి వందల మైళ్ళు లాక్కుపోతారట. మా అమ్మాయి ఫోటోలు కూడా పంపింది. మరి ఇక్కడ నా ఆటోమేటిక్ కారును ఛత్రపురం నుంచి బరంపురం దాకా తాడు కట్టి లాగకూడదంటారేమిటి? మన కార్లు మాత్రం మట్టితో చేశారా?" అన్నారాయన. అందరూ నవ్వారు గాని సరైన సమాధానం ఎవరూ చెప్పలేదు.

నేను ఇంజనీరును కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. కాని కార్ల అప్పుల కాగితాలు, బీమా కాగితాలు ఇన్నేళ్ళుగా చూస్తున్నవాడికి ఒక సంగతి తెలుస్తుంది. కారు పాడైనందుకు పెట్టే ఖర్చు కంటే, పాడైన కారును ఇంటికి చేర్చే పద్ధతి తెలియక పెట్టే ఖర్చు ఒక్కొక్కసారి ఎక్కువవుతుంది. ఈ రెండో ఖర్చు పూర్తిగా తప్పించుకోదగినది. అందుకే తెలిసినవాళ్ళను అడిగి, కార్లతో ఇచ్చే పుస్తకాలు చదివి, అర్థమైనంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, ఇది మన ఇళ్ళకు ఎందుకు ముఖ్యమో చూద్దాం. బరంపురంలోను, గంజాం జిల్లాలోను ఉన్న తెలుగు కుటుంబాలకు సగం బంధువర్గం ఆంధ్రలో ఉంటుంది. పెళ్ళి అన్నా, ఆస్పత్రి అన్నా విశాఖపట్నం. మొక్కు ఉంటే అరసవల్లి, సింహాచలం, అన్నవరం. ఇటు పిల్లల చదువులకు, కార్యాలయం పనులకు భువనేశ్వరం. ఎటు వెళ్ళినా 16వ నెంబరు జాతీయ రహదారే గతి. మన పాత అలవాటు ప్రకారం దాన్ని ఇంకా 5వ నెంబరు రోడ్డనే అంటున్నాం గాని, 2010లో నెంబర్లు మార్చినప్పుడు అది 16 అయింది. దక్షిణాన గిరిసోల దాటితే ఇచ్ఛాపురం, ఉత్తరాన ఛత్రపురం, గంజాం, రంభ దాటితే చిలికా ఒడ్డు. దారి మంచిదే, కాని ఊరికీ ఊరికీ మధ్య కారు ఆగిపోతే మనకు దిక్కు ఆ దారిన పోయే పుణ్యాత్ములే.

మన ప్రాంతం మనుషుల మంచితనం గురించి వేరే చెప్పనక్కరలేదు. బానెట్ ఎత్తి నిలబడితే చాలు, అయిదు నిమిషాల్లో ఒక ట్రాక్టరో, చిన్న లారీయో ఆగుతుంది. సీటు కింద నుంచి తాడు బయటికొస్తుంది. "భయపడకండి బాబూ, న్యూట్రల్‌లో పెట్టుకోండి, మేం లాగేస్తాం" అంటారు. అంబాసిడర్లు, ఫియట్ల కాలంలో ఇది పూర్తిగా సరైన సలహా. ఆ తరువాత 1983లో వచ్చిన మారుతీ 800కు కూడా సరైన సలహాయే. ఆ రోజుల్లో మన దేశంలో దాదాపు కార్లన్నీ చేత్తో గేరు మార్చుకునేవి. పదీ ఇరవై కిలోమీటర్లు నెమ్మదిగా లాగితే వాటి గేరుబాక్సుకు సాధారణంగా ఏమీ కాదు.

ఇప్పుడు కాలం మారింది. 2014లో మారుతీ సెలేరియోతో ఎ.ఎం.టి. అనే చవక రకం ఆటోమేటిక్ మన మార్కెట్టులోకి వచ్చాక, క్లచ్ లేని కార్లు మధ్య తరగతి ఇళ్ళలోకి కూడా చేరాయి. మోకాళ్ళ నొప్పులున్న మా వయసువాళ్ళకు, కొత్తగా నేర్చుకునే ఆడపిల్లలకు అవి నిజంగా వరమే. కారు మారింది గాని తాడు మారలేదు, తాడు పట్టుకున్న వాళ్ళ సలహా కూడా మారలేదు. చిక్కంతా అక్కడ ఉంది.

అసలు ఆటోమేటిక్ కారును లాగితే ఏమవుతుంది? గంజాం రైతులకు బాగా తెలిసిన ఒక పోలికతో చెబుతాను. పొలంలో పంపుసెట్టు ఉంది. మోటారు తిరిగితేనే పైపులోంచి నీరు వస్తుంది. మోటారు ఆపేస్తే నూతిలో నీరు నిండుగా ఉన్నా మడిలోకి ఒక్క చుక్క రాదు. ఆటోమేటిక్ గేరుబాక్సులో కూడా అలాంటి పంపు ఒకటి ఉంటుంది. దాని పని గేరుబాక్సు నూనెను లోపలున్న పళ్ళచక్రాలకు, బేరింగులకు, క్లచ్ పలకలకు అందించడం. ఆ నూనె వాటిని తడుపుతుంది, చల్లబరుస్తుంది కూడా. మామూలు ఆటోమేటిక్ కార్లలో ఆ పంపును తిప్పేది ఇంజను. ఇంజను ఆగితే పంపు ఆగినట్లే.

ఇప్పుడు ఇంజను ఆపి కారును లాగుతున్నామనుకోండి. చక్రాలు తిరుగుతాయి. ఇంజను శక్తి అందే చక్రాలకు గేరుబాక్సులోని చివరి భాగం ఇరుసుల ద్వారా కలిసే ఉంటుంది కనుక అదీ తిరుగుతుంది. పంపు మాత్రం తిరగదు. అంటే లోపల భాగాలు తిరుగుతుంటాయి, నూనె అందదు. కొంత దూరం పోయేసరికి వేడెక్కుతాయి, అరుగుతాయి, ఇంకా దూరం పోతే పనికిరాకుండా పోతాయి. బయటికి పొగ రాదు, చప్పుడు రాదు. లాగినంతసేపూ కారు బుద్ధిగా వెనకాలే వస్తుంది. నష్టం తెలిసేది కారు బాగయ్యి, మళ్ళీ స్టార్టు చేసిన తరువాతే.

"మరి న్యూట్రల్ ఎందుకుంది?" అని మీరు అడుగుతారు. న్యూట్రల్ అంటే ఇంజనుకూ చక్రాలకూ మధ్య శక్తి ప్రవాహం తెగిందని అర్థం. అంతేగాని చక్రాలకూ గేరుబాక్సుకూ సంబంధం తెగిందని కాదు. చక్రం తిరిగినంతసేపూ గేరుబాక్సులో కొంత భాగం తిరుగుతూనే ఉంటుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే ఈ వ్యాసం చదివిన ఫలితం దక్కినట్లే. ఆటోమేటిక్ కారును తోసి స్టార్టు చేయలేకపోవడానికి కారణం కూడా ఇదే. పంపు తిరిగి నూనెకు ఒత్తిడి రానిదే లోపలి క్లచ్‌లు పట్టుకోవు, చక్రాల కదలిక ఇంజనుకు చేరదు.

ఆటోమేటిక్ అని ఒకే పేరుతో పిలుస్తున్నాం గాని అందులో రకాలున్నాయి. మనవి ఏ రకమో తెలియడం అవసరం.

మొదటిది పాతకాలం నుంచీ ఉన్న టార్క్ కన్వర్టర్ రకం. ఇప్పటిదాకా చెప్పినదంతా ముఖ్యంగా దీని గురించే. రెండవది సి.వి.టి. హోండా సిటీ ఆటోమేటిక్ వంటి కార్లలో ఉంటుంది. ఇందులో పళ్ళచక్రాల వరసకు బదులు రెండు కప్పీలు, వాటి మధ్య ఒక ఉక్కు బెల్టు ఉంటాయి. బెల్టును గట్టిగా పట్టి ఉంచేది నూనె ఒత్తిడి. ఇంజను ఆపి లాగితే ఆ ఒత్తిడి ఉండదు, బెల్టు జారి కప్పీల మీద గీతలు పడవచ్చు. దీనికి బాగుచేయడం కంటే మొత్తం మార్చడమే ఎక్కువసార్లు జరుగుతుంది.

మూడవది ఎ.ఎం.టి. ఇది లోపల మామూలు గేరుబాక్సే. మనం చేత్తో, కాలితో చేసే పనిని చిన్న యంత్రాలు చేస్తాయి. అందుచేత మొదటి రెండింటి కంటే ఇది గట్టిపిండం. అయితే బ్యాటరీ పూర్తిగా పడిపోతే అది గేరులోనే ఇరుక్కుని న్యూట్రల్‌కు రాకపోవచ్చు. అప్పుడు బలవంతంగా లాగితే ఇంజనుకు, క్లచ్‌కు కూడా ముప్పే. నాలుగవది ఎలక్ట్రిక్ కారు. దాని చక్రాలు తిరిగితే మోటారు తిరిగి, కరెంటు పుట్టించడం మొదలుపెడుతుంది. శక్తి అందే చక్రాలు నేల మీద ఉంచి దాన్ని లాగడం అసలు కూడని పని. అయిదవది నాలుగు చక్రాలకూ శక్తి అందే కారు. దాన్ని ముందు ఎత్తినా, వెనక ఎత్తినా మిగిలిన రెండు చక్రాలు తిరిగి మధ్యనున్న భాగాలను పాడుచేస్తాయి. ఎలక్ట్రిక్ కారుకు, నాలుగు చక్రాల కారుకు ఒకటే మార్గం, నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ లారీ.

ఇక ఆ పెద్దాయన అడిగిన అమెరికా సంగతికి వద్దాం. మోటార్‌హోమ్ అంటే వంటిల్లు, పడకలు, స్నానాల గది ఉన్న బస్సు వంటి బండి. దాన్ని ఒకచోట నిలిపాక కూరగాయలు తెచ్చుకోవడానికి, ఊరు చూడడానికి చిన్న కారు కావాలి. అందుకని వెనక కట్టుకుని వెళతారు. అలా కట్టుకెళ్ళే కారును వాళ్ళు ముద్దుగా డింగీ అంటారు. డింగీ అంటే పెద్ద పడవ వెనక కట్టే చిన్న పడవ. చిలికా చూసిన మనకు ఆ పోలిక వేరే వివరించనక్కరలేదు.

అయితే వాళ్ళు ఏ కారునైనా అలా కట్టేస్తారనుకుంటే పొరపాటు. నాలుగు చక్రాలూ నేల మీద ఉంచి లాగడానికి పనికొచ్చే కార్లు కొన్నే ఉంటాయి. ఆ విషయం కారుతో ఇచ్చే పుస్తకంలో ప్రత్యేకంగా రాసి ఉంటుంది. జీప్ రాంగ్లర్‌కు ఆ పేరుంది. ఎందుకంటే దానిలో గేరుబాక్సు తరువాత ట్రాన్స్‌ఫర్ కేసు అని ఇంకొక పెట్టె ఉంటుంది. దాన్ని విడిగా న్యూట్రల్‌లో పెడితే, చక్రాల కదలిక గేరుబాక్సు దాకా రాదు. ఇది మనం ఇందాక చెప్పుకున్న న్యూట్రల్ కాదు, నిజంగా సంబంధం తెంచే న్యూట్రల్.

హోండా సి.ఆర్.వి. ఉదాహరణ ఇంకా బాగుంటుంది. అమెరికాలో 2014 మోడల్ దాకా ఆ కారు ఆటోమేటిక్ అయినా నాలుగు చక్రాల మీద లాగడానికి కంపెనీయే అనుమతించింది. ఆ గేరుబాక్సు నిర్మాణం మిగతావాటికి భిన్నం. అప్పుడు కూడా ఊరికే న్యూట్రల్‌లో పెట్టి కట్టేయడం కాదు. ఇంజను స్టార్టు చేసి, గేరును డి స్థానంలో కొన్ని సెకన్లు ఉంచి, తరువాత న్యూట్రల్‌కు తెచ్చి, 3 నిమిషాలు ఇంజను నడిపి, అప్పుడు ఆపాలి. గంటకు 65 మైళ్ళు మించకూడదు. దూర ప్రయాణమైతే ఈ తతంగమంతా మళ్ళీ చేయాలి. అదే కారుకు 2015 మోడల్ నుంచి సి.వి.టి. పెట్టారు, దాంతో ఆ అనుమతి పోయింది. పేరు అదే, బొమ్మ అదే, కాని లోపలి పెట్టె మారగానే నియమం మారింది. పక్కింటివారి కారును చూసి మన కారు సంగతి నిర్ణయించకూడదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అనుమతి లేని కార్లను తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు అక్కడ కూడా వేరే ఏర్పాట్లు చేసుకుంటారు. కొందరు గేరుబాక్సు నూనెను తిప్పడానికి కరెంటుతో నడిచే అదనపు పంపు పెట్టించుకుంటారు. కొందరు చక్రాలకూ గేరుబాక్సుకూ మధ్య సంబంధాన్ని మీటతో విడదీసే పరికరం పెట్టించుకుంటారు. కొందరు శక్తి అందే ముందు చక్రాలను రెండు చక్రాల చిన్న బండి మీదకు ఎక్కిస్తారు, దాన్ని డాలీ అంటారు. ఇవేవీ కాదనుకుంటే కారు మొత్తాన్ని ట్రెయిలర్ మీద పెడతారు. తాడు మాత్రం ఎవరూ కట్టరు. ఉక్కు కడ్డీల టో బార్, కారు బ్రేకులు కూడా పట్టేలా ఒక ఏర్పాటు, వెనక లైట్లకు వైర్లు, ఇంత సరంజామా ఉంటుంది. ఇంతా చేసి, అలా కట్టిన తరువాత బండిని వెనక్కి నడపరు. నడిపితే టో బార్ వంగిపోవచ్చు. కాబట్టి ఫోటోలో కనిపించే సుఖం వెనక ఇంత సన్నాహం ఉంది. వాళ్ళ కార్లు ఉక్కువీ, మనవి మట్టివీ కావు. వాళ్ళు బయలుదేరే ముందు పుస్తకం చదువుతారు, మనం కారు ఆగిపోయాక కూడా చదవం. తేడా అంతే.

ఇలా చదవకపోవడం ఎంత ఖరీదో మా కాలనీలో ఒకరి విషయంలో కళ్ళారా చూశాను. ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు, మా అందరికీ మాస్టారు. వచ్చిన డబ్బులో కొంత పెట్టి, కొంత అప్పు తీసుకుని ఆటోమేటిక్ కారు కొన్నారు. భార్యతో భువనేశ్వరం నుంచి వస్తుంటే రంభ దగ్గర కారు ఆగింది. ఒక చిన్న లారీ డ్రైవరు దయతో ఆగి, తాడు కట్టి, బరంపురం దాకా లాక్కొచ్చాడు. డబ్బులిస్తే కూడా తీసుకోలేదట. ఆగినందుకు కారణం పెట్రోలు పంపు. దాన్ని మార్చారు, ఇంజను చక్కగా స్టార్టయింది. డి లో పెడితే మాత్రం కారు వణుకుతూ అంగుళం అంగుళం కదిలింది. గేరుబాక్సు నూనె తీసి చూస్తే నల్లగా, లోహపు రజనుతో ఉంది. కొన్ని వేలతో పోవలసినది లక్ష పైచిలుకు అయింది. "న్యూట్రల్‌లోనే పెట్టాను గదా నాయనా!" అని ఆయన పదే పదే అన్నమాట ఇంకా నా చెవిలో ఉంది. ఆయన తప్పు లేదు, లారీ డ్రైవరు తప్పు అంతకంటే లేదు. ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు.

బీమా వాళ్ళు ఇస్తారు గదా అని మాస్టారు ఆశపడ్డారు. ఇక్కడ నా వృత్తికి దగ్గరి మాట చెప్పాలి. మన దేశంలో మామూలు మోటారు బీమా పత్రంలో యాంత్రికంగా, విద్యుత్ పరంగా వచ్చే లోపాలకు, అరుగుదలకు, ఒక నష్టం వల్ల తరువాత కలిగే నష్టానికి పరిహారం లేదని స్పష్టంగా రాసి ఉంటుంది. ప్రమాదమో, లోపమో జరిగిన తరువాత బాగుచేయించకుండా కారును నడిపితే పెరిగిన నష్టం యజమానిదేనని కూడా ఉంటుంది. కాబట్టి రోడ్డు మీద ఆగిన కారును తప్పుగా లాగి పాడుచేసుకుంటే, పరిహారం వస్తుందన్న ధీమా పెట్టుకోకూడదు. అప్పు మీద కొన్న కారైతే ఇంకొక సంగతి. కారు షెడ్డులో కదలకుండా పడి ఉన్నా, కిస్తీ మాత్రం ప్రతి నెలా కదిలి వస్తూనే ఉంటుంది.

బీమా పునరుద్ధరించేటప్పుడు రోడ్డు మీద సహాయం అనే అదనపు సదుపాయం ఒకటి అడుగుతారు. మొత్తం ప్రీమియంతో పోలిస్తే అది స్వల్పం. చాలామంది అనవసరమని కొట్టేస్తారు. ఆటోమేటిక్ కారు ఉన్నవాళ్ళు కొట్టేయకండి. తీసుకునే ముందు మాత్రం మూడు ప్రశ్నలు అడగండి. ఫ్లాట్‌బెడ్ పంపుతారా, ఎన్ని కిలోమీటర్ల దాకా ఉచితం, గంజాం జిల్లాలోను శ్రీకాకుళం జిల్లాలోను రెండు చోట్లా వస్తారా? జవాబు కాగితం మీద ఉంటే మంచిది.

చట్టం మాట కూడా తెలుసుకుందాం. 1989 నాటి రోడ్డు నియమావళి ప్రకారం, పాడైన బండిని లాగేటప్పుడు గంటకు 24 కిలోమీటర్లు మించకూడదు, రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు దాటకూడదు, లాగబడే బండిలో లైసెన్సున్న మనిషి స్టీరింగు దగ్గర కూర్చోవాలి, వెనక దూరానికి కనిపించేలా బోర్డు ఉండాలి. 2017లో ఆ నియమావళి స్థానంలో కొత్తది వచ్చింది గాని, ఈ జాగ్రత్తల వెనకనున్న భావం పాతబడేది కాదు. ఒక్కసారి లెక్క వేయండి. రంభ నుంచి బరంపురం సుమారు 50 కిలోమీటర్లు. 24 చొప్పున రెండు గంటలకు పైగా. పక్క నుంచి పెద్ద లారీలు మూడింతల వేగంతో పోతుంటే రెండు గంటలు తాడు మీద వేలాడడం గేరుబాక్సుకే కాదు, మనిషికీ క్షేమం కాదు.

పైగా ఇంజను ఆగిన కారులో బ్రేకు, స్టీరింగు మనకు అలవాటైనట్లు పనిచేయవు. రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకు పెడలు రాయిలా బిగుసుకుంటుంది. స్టీరింగు తిప్పడానికి బలం కావాలి. తాళం పూర్తిగా తీసేస్తే స్టీరింగు లాక్ పడే కార్లు కూడా ఉన్నాయి. తప్తపాణి ఘాటు వంటి దిగుడు దారిలో ఈ పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అయితే కారు ఆగినప్పుడు ఏం చేయాలి? వరసగా చెబుతాను. మొదట కారును రోడ్డు అంచుకు తెచ్చి, నాలుగు లైట్లూ మిణుకుమనేలా మీట వేసి, ఎర్ర త్రికోణాన్ని వెనక తగినంత దూరంలో పెట్టండి. ఇంట్లోవాళ్ళను కారు దింపి, రోడ్డుకు దూరంగా, వీలైతే రెయిలింగుకు అవతల నిలబెట్టండి. తరువాత ఫోను. జాతీయ రహదారి మీద 1033 నెంబరుకు చేస్తే గస్తీ బండి, క్రేను, అంబులెన్సు వంటి సహాయం అందుతుంది. ఆ తరువాత బీమా వారి నెంబరు. రెండు చోట్లా మొదటి మాటగా "బండి ఆటోమేటిక్, ఫ్లాట్‌బెడ్ కావాలి" అని చెప్పండి. చెప్పకపోతే దగ్గరున్న క్రేనే వస్తుంది.

క్రేనే వచ్చిందనుకోండి. అప్పుడు ఏ చక్రాలకు శక్తి అందుతుందో మీరే చెప్పగలగాలి. స్విఫ్టు, ఐ20, సిటీ వంటి కార్లలో ముందు చక్రాలకు. కనుక ముందు భాగమే ఎత్తాలి, వెనక చక్రాలు నేల మీద దొర్లితే నష్టం లేదు, హ్యాండ్ బ్రేకు మాత్రం దించాలి. ఇన్నోవా క్రిస్టా వంటి బండిలో వెనక చక్రాలకు. దాన్ని ముందు ఎత్తి లాగితే సరిగ్గా తిరగకూడని చక్రాలే తిరుగుతాయి. క్రేను వాళ్ళకు అలవాటు కొద్దీ అన్నిటినీ ముందు నుంచే ఎత్తడం సులువు. అడ్డుచెప్పవలసింది మనం.

బ్యాటరీ పోయి గేరు పి లోంచి రాకపోతే కంగారుపడకండి. చాలా కార్లలో గేరు మీట పక్కనే చిన్న మూత ఉంటుంది. దాని కింద తాళంచెవి కొనతో నొక్కితే లాక్ విడిపోతుంది. కారును ఫ్లాట్‌బెడ్ మీదకు ఎక్కించే ఆ కొద్ది అడుగుల కోసం ఇది చాలు. లాగే కొక్కెం కూడా వెనక డిక్కీలో పనిముట్ల దగ్గర ఉంటుంది, బంపరులో చిన్న మూత తీసి దాన్ని మర బిగించాలి. బంపరుకో, కింద దొరికిన కడ్డీకో తాడు కడితే ఆ భాగమే ఊడి చేతికొస్తుంది.

చేత్తో గేరు మార్చే కార్లకు ఈ భయాలు చాలావరకు లేవు. అయినా న్యూట్రల్‌లో పెట్టి, తాళం ఆన్‌లో ఉంచి, నెమ్మదిగా, దగ్గరలో ఉన్న మెకానిక్కు దాకా మాత్రమే లాగించండి. తాడు ఎప్పుడూ బిగువుగా ఉండేలా వెనకవాళ్ళు మెల్లగా బ్రేకు వాడాలి. వదులై ఒక్కసారిగా బిగిస్తే తెగుతుంది.

ఒక మినహాయింపు మాత్రం ఉంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన రాత్రిని మనం ఎవరమూ మరచిపోలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడూ అంతే. అలాంటి వేళ నీళ్ళు ఎక్కుతుంటే, లేదా రైల్వే గేటు మధ్య కారు ఆగితే, ముందు మనుషులు బయటపడాలి. తరువాత వీలుంటే ఏ తాడుతోనైనా, ఏ ట్రాక్టరుతోనైనా కారును పక్కకు తీయించండి. నడక వేగంతో కొద్ది గజాలు లాగితే సాధారణంగా గేరుబాక్సుకు పెద్ద నష్టం రాదు. వచ్చినా ప్రాణం కంటే అది ఎక్కువ కాదు.

చివరగా ఒక మొహమాటం సంగతి. దయతో ఆగినవాడికి "వద్దు బాబూ" అని చెప్పడం మనకు కష్టం. చీకటి పడుతుంటే, వెంట ఇంట్లోవాళ్ళుంటే ఇంకా కష్టం. అందుకని కారణం చెప్పి వద్దనండి. "ఇది ఆటోమేటిక్ బండి, లాగితే గేరుబాక్సు పోతుంది. ఫ్లాట్‌బెడ్ వచ్చేదాకా ఇక్కడ తోడుండు, అదే సాయం" అంటే ఎవరూ నొచ్చుకోరు. ఒడియాలో అయితే "గాడి ఆటోమేటిక్, దఉడిరే టాణంతు నాహిఁ" అంటే చాలు. పైగా అతనికీ విషయం తెలుస్తుంది, రేపు ఇంకొకరి కారు బతుకుతుంది.

ఈ ఆదివారం ఒక అరగంట తీరిక చేసుకోండి. కారు సొరుగులో ప్లాస్టిక్ కవరు కూడా విప్పని పుస్తకం ఉంటుంది. దాన్ని తెరిచి, కారు లాగడం గురించిన పేజీ వెతకండి. కొన్ని కంపెనీలు తక్కువ వేగంతో కొద్ది దూరం లాగవచ్చంటాయి, కొన్ని అసలు వద్దంటాయి. మీ కారుకు ఆ పేజీయే ప్రమాణం, ఈ వ్యాసం కాదు. అందులో ఉన్నదాన్ని ఒక చీటీ మీద నాలుగు ముక్కలుగా రాయండి. గేరు రకం, శక్తి అందే చక్రాలు, లాగే పద్ధతి, ఫోను నెంబర్లు. తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి రాసి సొరుగులో పెట్టండి. కారు ఆగిన రోజున స్టీరింగు దగ్గర మీరు కాక మీ శ్రీమతో, కోడలో ఉండవచ్చు. ఆ చీటీ వాళ్ళ చేతిలో ఉంటే, చుట్టూ పదిమంది పది రకాలుగా చెబుతున్నప్పుడు వాళ్ళ మాట నెగ్గుతుంది.